జాన్ బీ పెట్టిన సంతకం

బొల్లారంలో రైలు పట్టాలకు అవతలి వైపు, రేకుల షెడ్లు వరుసగా ఉన్న చోట, ఒక ఆవరణలో పాత షిప్పింగ్ కంటెయినర్ ఉంది. ఒకప్పుడు ఏ ఓడ మీదో తిరిగిన ఇనుప పెట్టె. మూడేళ్ళుగా జాన్ బీ ఉద్యోగం అందులోనే. పొద్దున లోపలికి వెళ్తే మధ్యాహ్నం అన్నానికి ఒకసారి, సాయంత్రం ఇంటికి ఒకసారి బయటికి వచ్చేది. పరీక్ష చేసేటప్పుడు తలుపు మూసి గడియ పెట్టాలని రూలు. ఎవరైనా చూసుకోకుండా లోపలికి వస్తే, ఎగిరే రాకెట్ ముక్కు వాళ్ళ మొహానికి తగులుతుంది.

ఆమె పనిచేసే కంపెనీ ఇంజనీరింగు కాలేజీ విద్యార్థుల కోసం మోడల్ రాకెట్లు తయారు చేస్తుంది. మోడల్ అంటే ఆటవస్తువు కాదు. మనిషి కంటే ఎత్తుగా ఉండి, కిలోమీటరుకు పైగా ఎగిరేవి. పైకి పంపడం ఒక ఎత్తు, మెల్లగా కిందికి దించడం ఇంకో ఎత్తు. రాకెట్ ముక్కు వెనకాల ప్యారాచూట్ మడతపెట్టి ఉంటుంది. దాని కింద, సోడా మిషన్లో వేసేటటువంటి చిన్న గ్యాస్ బుడ్డి. సమయం రాగానే చిటికెడు పేలుడు మందు అంటుకుని ఒక సూదిని ముందుకు తోస్తుంది. సూది బుడ్డి మూతిని పొడుస్తుంది. గ్యాస్ ఒక్కసారిగా గొట్టం నిండి ముక్కును ఊడగొడుతుంది, దాని వెనకే ప్యారాచూట్ బయటికి వస్తుంది. అంతకు ముందు ఉత్త మందుతోనే పేల్చేవారు. గుడ్డ మాడిపోయేది. అందుకని గ్యాస్‌కు మారారు.

జాన్ బీ పని ఆ గ్యాస్ యూనిట్లను నేల మీదే పరీక్షించడం. గొట్టాన్ని బల్లకు బిగించి, ప్లైవుడ్ అడ్డం వెనక నిలబడి, చిన్న అద్దంలోంచి చూస్తూ మీట నొక్కేది. ఠప్‌మని ముక్కు ఎగిరి, అవతలి గోడకు వేలాడదీసిన పాత పరుపుకు కొట్టుకునేది. రిజిస్టర్లో నంబరు, టైము, పాస్ అన్న మాట రాసి సంతకం పెట్టి, యూనిట్‌లో మళ్ళీ కొత్త బుడ్డి, కొత్త మందు వేసేది. ఆమె సంతకం లేని యూనిట్ గేటు దాటడానికి లేదు.

ఆమెది జనగామ పక్క. పెళ్ళయ్యాక బొల్లారం వచ్చింది. సికింద్రాబాద్‌లో మంటలార్పే సిలిండర్లలో గ్యాస్ నింపే దుకాణంలో పదేళ్ళు పనిచేసింది. ఎర్ర సిలిండర్‌ను ఒక్కసారి ఎత్తి చూస్తే లోపల గ్యాస్ నిండుగా ఉందో, సగం పోయిందో చెప్పేది. దుకాణం మూతపడే రోజుల్లో అక్కడికి గ్యాస్ కోసం వచ్చే హరికిషన్ ఆ చేతి నేర్పును గుర్తుపట్టి తన కంపెనీకి రమ్మన్నాడు. ఆయన సైనిక్‌పురిలో ఉంటాడు, మిలటరీలో చేసి రిటైరైనాయన కొడుకు. పెద్ద ఉద్యోగం వదిలేసి ఈ రాకెట్ల పిచ్చిలో పడ్డ మనిషి. మంచివాడే. అయితే అన్నీ తన చేతిలో ఉండాలనుకునే మంచితనం.

చేరిన రోజే ఆయన జాన్ బీ పదో తరగతి సర్టిఫికెట్ ఒరిజినల్ తీసుకున్నాడు. మందు వాడే లైసెన్సు కోసం తనిఖీకి వచ్చేవాళ్ళు అడుగుతారని చెప్పి స్టీలు బీరువాలో పెట్టాడు. ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో, ఓపెన్ స్కూల్లో, లెక్కలు రెండుసార్లు తప్పి పాసైన సర్టిఫికెట్ అది. మారేడ్‌పల్లిలో ఒక ఆసుపత్రిలో ఫైర్ సేఫ్టీ పనికి మనుషులు కావాలని తెలిసినప్పుడు ఆమె హరికిషన్ దగ్గరకు వెళ్ళి అడిగింది.

"సార్, నా సర్టిఫికెట్ జెర ఇయ్యుండ్రి. జిరాక్స్ తీస్కోని ఉంచుకోండ్రి. అక్కడ ఒరిజినల్ చూపియ్యాలట."

"ఇస్త జాన్ బీ, నాదగ్గర ఉంటే ఏమైతది? ఈ ఆర్డర్ అయిపోనీ."

ఆర్డర్ అయిపోయేది, ఇంకోటి వచ్చేది. గట్టిగా అడగాలంటే ఇంకో చిక్కు ఉంది. ఆమె భర్త నాగూర్ బాషా ఇంట్లో మిషన్ మీద ఆ కంపెనీకే ప్యారాచూట్లు కుట్టేవాడు. అంతకు ముందు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర గొడుగులు బాగుచేసి, బ్యాగులకు జిప్పులు వేసేవాడు. మోకాళ్ళు నొప్పి చేసి రోజంతా ఫుట్‌పాత్ మీద కూర్చోలేని స్థితిలో హరికిషన్ ఈ పని ఇప్పించాడు. ఇంట్లో ఇద్దరి పనీ ఒకే గేటు లోపల. ఒకరు కోపం చేసుకుంటే ఇద్దరికీ తలుపు మూసుకుంటుంది. అందుకని జాన్ బీ మాట మింగేసి మళ్ళీ కంటెయినర్‌లోకి వెళ్ళేది.

ఎండాకాలం అది కొలిమి. లోపల కూర్చుంటే చెప్పుల కింద ఇనుము కాలేది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆ పెట్టెలో చేసిన పరీక్షలు ఒక్కటి కూడా తప్పలేదు. కాలేజీ ఆర్డర్ ఒకటి ముప్పై యూనిట్లకు వచ్చింది. వాటికి కొత్త డిజైన్ చేసిన ఇంజనీరు వసుధ. ఇరవై ఏడేళ్ళ అమ్మాయి, ఇదే ఆమె మొదటి ఉద్యోగం. ప్రతి సాయంత్రం వచ్చి రిజిస్టర్ చూసి, పాస్, పాస్, పాస్ అని వేలితో చదువుకుని మురిసిపోయేది.

డిసెంబర్ రెండో వారంలో ఒకనాడు జాన్ బీ తొందరగా వచ్చి ఏడింటికే పని షురూ చేసింది. బొల్లారంలో ఆ పొద్దు మంచు దట్టంగా ఉంది. మీట నొక్కింది. మందు పేలిన చప్పుడు వచ్చింది గాని ముక్కు కదల్లేదు. ఫిస్స్‌మని సన్నగా, సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు చాలాసేపు వినిపించింది. తన బిగింపులోనే తప్పుందనుకుంది. రెండోది చేసింది. మళ్ళీ అంతే. పదిన్నరకి ఎండ వచ్చాక చేసినవన్నీ పాసయ్యాయి.

మర్నాడు కావాలనే ఏడింటికి వచ్చింది. మొదటిది తప్పింది.

ఆమె ఎవరికీ చెప్పకుండా బజారుకు వెళ్ళి, చేపలమ్మే ఆమె దగ్గర ఒక బుట్టెడు ఐసు తెచ్చింది. పరీక్షల కోసం ఉంచిన అదే రకం పది యూనిట్లను ప్లాస్టిక్ కవర్లలో కట్టి గంటసేపు ఐసులో పెట్టి ఒక్కొక్కటే పేల్చింది. నాలుగు తప్పాయి. విప్పి చూస్తే సూది చుట్టూ ఉన్న గ్రీజు వెన్నలా గట్టిపడి ఉంది. సూది వేగంగా దూసుకుపోక, బుడ్డి మూతికి గుండుసూది బెజ్జమంత రంధ్రం చేసి ఆగిపోయింది. ఒకదానికి అదీ లేదు, ఉత్త సొట్ట. చలికి బుడ్డిలో గ్యాస్ ఒత్తిడి కూడా తగ్గుతుందని సిలిండర్ల దుకాణంలోనే ఆమెకు తెలుసు.

వసుధను పిలిచి బల్ల మీద ఆ నాలుగూ పరిచింది. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"ఆంటీ, ఎండాకాలం అంతా మనం వేడిలోనే టెస్ట్ చేసినం కదా."

"అవును బిడ్డా. పైన ఆకాశంల గీ కంటెయినర్ లెక్క వేడుంటదా?"

"ఉండదు." వసుధ తల దించుకుంది. "ఆదివారం లాంచ్. పొద్దున ఆరున్నరకి. ఇరవై అయిదు యూనిట్లు కాలేజీకి పోయినయి, మిగిలిన అయిదు ఆదివారం ఎగరడానికి. ఇప్పుడు నేను సార్‌కి ఎట్ల చెప్పను?"

ఇద్దరూ కలిసే వెళ్ళి చెప్పారు. హరికిషన్ అంతా విన్నాడు. సొట్టపడిన బుడ్డిని చేతిలో తిప్పి చూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఐసులో పెట్టి టెస్ట్ చెయ్యమని ప్రొసీజర్‌లో ఉందా?"

"లేదు సార్," అంది వసుధ.

"లేనప్పుడు అవి టెస్టులే కాదు. నలభై మంది పిల్లలు ఏడాది నుంచి కష్టపడుతున్నరు. పర్మిషన్లు వచ్చినయి. ఆదివారం తప్పితే మళ్ళీ మూడు నెలలు. ఇప్పుడు ఆపితే మన పేరు ఇంక ఎవరన్న తీస్తరా?" ఆయన గొంతు పెంచలేదు. "జాన్ బీ, ఆఖరి అయిదు యూనిట్లకు సంతకం లేదంట. పెట్టు. నువ్వు పగటి పూట చేసినవి పాసైనయి కదా. అబద్ధం ఏముంది?"

"సార్, నాకు తెలిసినంక ఎట్ల పెట్టాలె?"

"నీకేం తెలుసని?" అన్నాడాయన. వెంటనే తగ్గి, "చూడు, బాషా కుట్టినవి ఇరవై ప్యారాచూట్లు స్టోర్లో ఉన్నయి. రాకెట్లే పోకుంటే వాటితోని నేనేం చేసుకోవాలె? ఇది ఒక్కటి అయిపోనీ. సోమవారం నీ సర్టిఫికెట్ నీకిస్త. నేనే ఇస్త," అన్నాడు.

జాన్ బీ వసుధ వైపు చూసింది. వసుధ కిటికీ వైపు చూస్తోంది.

ఆ మధ్యాహ్నం కంటెయినర్ తలుపు మూసుకుని జాన్ బీ రిజిస్టర్ ముందు చాలాసేపు కూర్చుంది.  లేచి బయటికి పోతే గేటు ఉంది, గేటు అవతల రోడ్డు ఉంది. రోడ్డు మీద పడి ఎక్కడికి పోవాలో మాత్రం తోచలేదు. సర్టిఫికెట్ లేని నలభై ఆరేళ్ళ మనిషిని ఎవరు పెట్టుకుంటారు? బాషా ఆ మోకాళ్ళతో మళ్ళీ ఫుట్‌పాత్ మీదకి పోతాడా? ఐసులో చేసిన పరీక్షల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. అయిదు సంతకాలు పెట్టింది. ఆఖరి సంతకం గీత దాటిపోయింది.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. నాగూర్ బాషా సంబరంగా ఉన్నాడు. తన ప్యారాచూట్ ఆకాశంలో విచ్చుకోవడం అతను ఒక్కసారి కూడా చూడలేదు. ఆదివారం తనూ వస్తానని హరికిషన్‌ను అడిగి ఒప్పించుకున్నాడు. ముందురోజు ఇస్త్రీ చొక్కా తీసి తలుపుకు తగిలించాడు.

మేడ్చల్ దాటాక ఒక పెద్ద ఖాళీ నేల. తెల్లవారుతుండగా కంపెనీ వ్యాన్‌లో అక్కడికి చేరారు. గడ్డి మీద మంచు తడి. నోరు తెరిస్తే పొగ వస్తోంది. విద్యార్థులు చేతులు రుద్దుకుంటూ రెండు రాకెట్లను నిలబెడుతున్నారు. వాళ్ళ ప్రొఫెసర్ సదాశివ మఫ్లర్ చుట్టుకుని అందరినీ తాడు వెనక్కి జరుపుతున్నాడు. జాన్ బీ ముందు ఎగిరే రాకెట్ దగ్గరకు వెళ్ళి గొట్టాన్ని అరచేత్తో తాకి చూసింది. ఐసు బుట్టలోని యూనిట్లలాగే ఉంది.

హరికిషన్ దగ్గరకు వెళ్ళి మెల్లగా అంది. "సార్, పది గంటల దాంక ఆగుదామని చెప్పుండ్రి. ఎండ రానీయండ్రి."

"గాలి పెరుగుతది. పర్మిషన్ ఎనిమిది దాంకనే. నువ్వు పోయి ఆడ నిలబడు జాన్ బీ."

ఆమె వచ్చి భర్త పక్కన నిలబడింది. లెక్కపెట్టారు. మొదటి రాకెట్ భూమిని అదరగొడుతూ లేచింది, చూస్తుండగానే చుక్కయింది. విద్యార్థులు కేకలు పెట్టారు. నాగూర్ బాషా నుదుటికి చెయ్యి అడ్డంపెట్టి, "నారింజ రంగు గుడ్డ, మస్తు కనబడతది చూడు," అన్నాడు.

నారింజ రంగు కనబడలేదు. చుక్క మళ్ళీ గీతయింది. ఈల వేసినట్టు ఒక చప్పుడు దగ్గరకొచ్చింది. ప్రొఫెసర్ పరుగెత్తండి అని అరిచాడు. పొలం గట్టున గొర్రెలు కాస్తున్న ఒక ముసలామెకు ఇరవై అడుగుల దూరంలో రాకెట్ ముక్కు ముందుగా నేలలోకి దిగిపోయింది. మట్టి ఎగిరి ఆమె మీద పడింది. గొర్రెలు చెదిరిపోయాయి. ముసలామె కూలబడి, చేతిలోని కర్రను వదలకుండా, ఏడుపు కూడా రాక అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

జాన్ బీ ముందు ఆమె దగ్గరకే పరుగెత్తింది. మట్టి దులిపి నీళ్ళు తాగించింది. "ఏం కాలేదమ్మా, ఏం కాలేదు," అంటూనే ఉంది. ఆమెకు నిజంగానే దెబ్బ తగల్లేదు. 

విద్యార్థులు పారతో తవ్వి రాకెట్‌ను బయటికి లాగారు. ముక్కు ముక్కలైంది. నలిగిపోయిన గొట్టంలో ప్యారాచూట్ పెట్టిన మడత పెట్టినట్టే ఉంది.

"ఏమైంది సార్?" అని సదాశివ హరికిషన్‌ను అడిగాడు. ఆయన గొంతులో కోపం ఇంకా భయాన్ని దాటి రాలేదు.

"ప్యాకింగ్ ప్రాబ్లం అనుకుంట," అన్నాడు హరికిషన్. "గ్యాస్ యూనిట్ అన్ని టెస్టులు పాసైంది, రిజిస్టర్ ఉంది, సంతకం ఉంది. గుడ్డ మడత లావై గొట్టంలో ఇరికినట్టుంది. చేత్తో కుట్టినవి, ఒక్కోసారి గట్లనే అయితయి."

అందరూ నాగూర్ బాషా వైపు తిరిగారు. కుట్టింది ఎవరో అంతకు ముందే గర్వంగా ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు చెప్పుకున్నాడు మరి. అతను ముందుకు వచ్చి ప్యారాచూట్‌ను మోకాళ్ళ మీద పెట్టుకుని, మడతలు వేళ్ళతో తడిమి చూశాడు. "కొలత ప్రకారమే మడిచిన సార్," అన్నాడు. ఇంకోసారి తడిమాడు. "ఎక్కడన్న నేనే తప్పు చేసిన్నో ఏమో." ఇస్త్రీ చొక్కా మట్టయింది.

తన సంతకమే ఇప్పుడు భర్త మీద నేరం మోపుతోందని జాన్ బీకి అర్థమైంది. గ్యాస్ మంచిదైతే గుడ్డ చెడ్డది. మూడో దారి లేదు.

ఆమె గొట్టం దగ్గర కూర్చుని, నలిగిన చోట స్పానర్‌తో తిప్పి గ్యాస్ యూనిట్ విప్పింది. హరికిషన్ "ఆగు, అది ఆఫీసులో చూద్దాం," అన్నాడు. ఆమె ఆగలేదు. బుడ్డి బయటికి వచ్చింది. అరచేతిలో పెట్టుకుని ఒకసారి పైకీ కిందికీ ఆడించింది. నిండుగా ఉంది. మూతి మీద చిన్న సొట్ట, అంతే.

"చూడుండ్రి సార్," అని సదాశివ చేతిలో పెట్టింది. "గ్యాస్ రానే లేదు. ఇది నిండుగనే ఉంది. చలికి గ్రీజు గట్టిపడ్డది, సూది పొడవలేదు. గుడ్డల తప్పేం లేదు."

"ఇది టెస్ట్ చేసింది ఎవరు?"

"నేనే."

"పాస్ అని సంతకం?"

"నేనే పెట్టిన. చలికి పనిచెయ్యదని నాకు ఎర్కే. ఎర్కుండి పెట్టిన." పర్సులోంచి మడత కాగితం తీసి ఇచ్చింది. "ఐసుల పెట్టి పది చేస్తే నాలుగు తప్పినయి. తారీఖు సుత రాసిన."

సదాశివ కాగితం విప్పాడు. వసుధ ముందుకు వచ్చి, "నాకూ తెలుసు సార్. డిజైన్ నాది," అంది. హరికిషన్ వ్యాన్ వైపు నడిచి వెళ్ళిపోయాడు. సదాశివ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, రెండో రాకెట్‌ను స్టాండు మీంచి దింపెయ్యమని విద్యార్థులకు చెప్పాడు. జాన్ బీని మెచ్చుకోలేదు. "ఆ ముసలామెకి ఏమన్నా అయ్యుంటే ఈ కాగితం ఏం చేసేదమ్మా?" అని మాత్రం అడిగాడు. 

తిరుగుదారిలో నాగూర్ బాషా వ్యాన్‌లో వేరే సీట్లో కూర్చున్నాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పి బకెట్‌లో వేశాక అన్నాడు. "నాకు ముందే చెప్పకపోతివి. అంతమందిల నా కుట్టు మీద నాకే అనుమానం వచ్చింది. ఒక్క నిమిషమైనా వచ్చింది కదా."

"చెప్తే నువ్వు పెట్టొద్దంటవు. పెట్టకుంటే నీ పని పోతది."

"పోతే పోనియ్యకపోతివా?"

ఆ రాత్రి అతను విడిగా పడుకున్నాడు.

మూడు రోజులు జాన్ బీ పనికి వెళ్ళలేదు. రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. నాలుగో రోజు వసుధ ఇంటికి వచ్చింది. మిగిలిన ఇరవై తొమ్మిది యూనిట్లూ చలిలో మళ్ళీ పరీక్షిస్తే తప్ప తీసుకోబోమని, ఆ పరీక్షలు ఐసు కాగితం రాసిన మనిషే చెయ్యాలని కాలేజీ రాతపూర్వకంగా చెప్పిందట.

"సార్ పిలుస్తున్నరా?"

"పిలవక తప్పదు ఆంటీ ఆయనకి."

జాన్ బీ వెళ్ళింది. కంటెయినర్ వైపు పోకుండా నేరుగా ఆఫీసులోకి వెళ్ళి నిలబడింది. "సర్టిఫికెట్ నా చేతికి వచ్చినంకనే పరీక్ష షురూ చేస్త సార్."

హరికిషన్ తలెత్తి చూశాడు. కళ్ళ కింద నల్లగా ఉంది, ఆయనా సరిగా నిద్రపోయినట్టు లేడు. బీరువా తెరిచి, ఫైళ్ళ కింద వెతికి, ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. "తీస్కో. నేను ఎవర్నీ కట్టేసి పెట్టుకోలే," అన్నాడు. ఆ మాట ఆయన నిజంగానే నమ్ముతున్నాడని ఆమెకు అనిపించింది.

కొత్త గ్రీజు రాలేదు గనుక ముందు పాతవాటినే పరీక్షించారు. ఇరవై తొమ్మిదిలో పదకొండు తప్పాయి. పదకొండు సార్లు ఆమె ఫెయిల్ అని పెద్ద అక్షరాలతో రాసి సంతకం పెట్టింది. వసుధ గ్రీజు మార్చి, సూది పొడుగు పెంచింది. జనవరి నెలాఖరుకు అన్నీ పాసయ్యాయి. ఆ పని మీద వసుధ మొహంలో మళ్ళీ కళ వచ్చింది. జాన్ బీకి మాత్రం గొర్రెల కర్ర పట్టుకుని కూర్చున్న ఆ ముసలామె కళ్ళ ముందు మెదులుతూనే ఉంది. ఒక ఆదివారం బస్సెక్కి ఆ పొలాల దగ్గరకు వెళ్ళి చాలామందిని అడిగింది. గొర్రెల మంద వేరే పక్కకు పోయిందన్నారు.

మారేడ్‌పల్లి ఆసుపత్రి వాళ్ళు అప్పటికే మనిషిని పెట్టుకున్నారు. ప్యారాచూట్ల పని హరికిషన్ కుషాయిగూడలోని ఒక టైలరింగ్ షాపుకు ఇచ్చాడు. కారణం చెప్పలేదు. నాగూర్ బాషా ఒక చిన్న స్టూలు కొనుక్కుని మళ్ళీ స్టేషన్ దగ్గర కూర్చుంటున్నాడు. నేల మీద కంటే స్టూలు మీద మోకాళ్ళకు కొంచెం నయమట. భార్యతో మునుపటిలాగే మాట్లాడుతున్నాడు. ఆ పొద్దు సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తరు.

ఏప్రిల్ వచ్చింది. కంటెయినర్ మళ్ళీ కాలడం మొదలైంది. జాన్ బీ ఇప్పటికీ అందులోనే ఉంది. గురువారాలు సగం పూట సెలవు పెట్టి ఇంటర్వ్యూలకు పోతోంది. రెండు చోట్ల వయసు ఎక్కువన్నారు. తిరుమలగిరిలో ఒక అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఫైర్ సేఫ్టీ పని సంగతి వచ్చేవారం చెప్తామన్నారు. అక్కడ మేనేజర్, "ఇప్పుడు చేస్తున్న పని ఎందుకు వదిలేస్తున్నవమ్మా?" అని అడిగితే, "అక్కడ గాలి ఆడదు సార్," అని చెప్పింది.